ఎవరి తాలూకు అని అడగని సర్వర్

ఆ రోజుల్లో మా ఇంట్లో సర్వర్ అంటే ఒక్కటే అర్థం. భుజాన తువ్వాలు వేసుకుని, ఎడమచేతి మీద ప్లేట్లు వరసగా పేర్చుకుని, ‘ఇడ్లీ వడ పూరీ ఉప్మా పెసరట్టు’ అని ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పే హోటలు మనిషి. ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉందనీ, ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని మన రాతల్ని లోకానికి వడ్డించే కంప్యూటర్ని కూడా అలాగే పిలుస్తారనీ మా ఇంటిల్లిపాదిలో నాకొక్కదానికే తెలుసు. తెలిసిన ముక్క ముందే అందరికీ చెప్పి ఉంటే ఇప్పుడు చెప్పబోయేదంతా జరిగేదే కాదు. కానీ కొత్తగా ఉద్యోగంలో చేరిన వయసులో, మనకి తెలిసినవి ఇంట్లోవాళ్లకి విడమరిచి చెప్పడం నామోషీ అనిపిస్తుంది. (ఇప్పుడు అడక్కపోయినా చెబుతాను. వినేవాళ్లే లేరు.)

మాది భవానీపురం. డిగ్రీ అవగానే ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు అమ్మే ఆఫీసులో లెక్కలు చూసే పనిలో చేరాను. నా పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయిది వన్‌టౌన్, వాళ్ల నాన్నకి గాజుల కొట్టు. ఆఫీసులో అందరూ ఆమెని ‘తాళంకప్ప’ అనేవాళ్లు, ఎందుకంటే తన గురించిన చిన్న సంగతి కూడా బయటికి పొక్కనిచ్చేది కాదు. కంప్యూటర్ కెమెరా కంటికి అడ్డంగా బొట్టుబిళ్ల అంటించేది. తను ముస్లిం, నేను క్రిస్టియన్, ఇద్దరం బొట్టు పెట్టుకోం. మరి మేమిద్దరం వచ్చి అంత శ్రద్ధగా బొట్టుబిళ్లల ప్యాకెట్టు ఎందుకు ఏరుకుంటున్నామో ఫ్యాన్సీ షాపాయనకి ఏ రోజూ అర్థం కాలేదు. జ్యూస్ కొట్లో పేరు అడిగితే పూటకో దొంగ పేరు చెప్పేది. ఆ పూట ఏ పేరు చెప్పిందో తనే మరిచిపోయేది. తన బత్తాయి రసం ఎన్నోసార్లు పరాయివాళ్లు తాగి వెళ్లిపోయారు. అయినా తన పద్ధతి మార్చుకోలేదు.

ఇక నా సంగతి. మా నాన్న వైపు చుట్టాలు పామర్రు నుంచి చల్లపల్లి దాకా కాలవ వెంట వరినాట్లలా బారుగా ఉన్నారు. మంచి రోజులొస్తే వారానికొక పెళ్లి. చర్చిలో ప్రమాణాలు జరుగుతున్నంతసేపూ నా ముక్కు ఫంక్షన్ హాలు వైపే తిరిగి ఉండేది. సోమవారం మధ్యాహ్నం టిఫిన్ బాక్సులు విప్పుకున్నాక, ఆదివారం తిన్న పెళ్లి భోజనాన్ని ఆకు మొదలు నుంచి కిళ్లీ దాకా తాళంకప్పకి వర్ణించి చెప్పేదాన్ని. ‘పలావులో ముక్క కోసం వెతుకుతుంటే పాపం పక్కాయన కూడా సాయం పట్టాడు. ఇద్దరం కలిసి ఒక లవంగాన్ని కనుక్కున్నాం.’ ‘చేపల పులుసులోంచి చేప ఈదుకుంటూ వెళ్లిపోయింది, పులుసు మాత్రం మనకోసం ఆగింది.’ ‘మొదటి బంతికి ఐస్‌క్రీమ్, రెండో బంతికి అదే పాయసం.’ ఇలాంటివన్నమాట. తాళంకప్ప నవ్వలేక పొట్ట పట్టుకుని, “ఇవన్నీ ఒక వెబ్‌సైట్‌లో రాయవే బాబూ, నలుగురూ నవ్వుకుంటారు” అంది. ఆ మాట నా తలకెక్కింది. సైటుకీ నాకూ కలిపి ‘కొసరు’ అని పేరు కూడా పెట్టేసుకున్నాను. బొమ్మలూ రంగులూ ఏమీ వద్దు, తెల్ల కాగితం మీద నల్ల అక్షరాల్లా నాలుగు పేజీలు, అంతే.

ఒకటే భయం. మా వైపు పెళ్లికూతురికి వంక పెట్టినా సర్దుకుంటారు గానీ పెళ్లి భోజనానికి వంక పెడితే తరతరాలు గుర్తుపెట్టుకుంటారు. కొసరు అంటే నేనేనని తెలిసిన మరుక్షణం మా ఇంటికి శుభలేఖలు రావడం ఆగిపోతుంది. ఎవరేమన్నా పడతాను, కానీ బందరు లడ్డూలకీ గోంగూర మాంసానికీ దూరమై బతకడం నావల్ల కాదు.

“అందుకే చెబుతున్నా. సైటు పెట్టడం గొప్పేం కాదు. దాన్ని ఎవరింట్లో అద్దెకి దింపుతున్నావన్నది చూసుకోవాలి” అంది తాళంకప్ప. సర్వర్ అద్దెకిచ్చేవాడు కూడా ఇంటి ఓనరు లాంటివాడేనట. కొందరు ఓనర్లు మనకెవరు ఉత్తరం రాశారో, మన తలుపు ఎవరు తట్టారో అన్నీ కనిపెట్టి ఊరంతా చెబుతారు. కొందరు తాళంచెవి చేతిలో పెట్టి మళ్లీ మన వైపు చూడరు. మనకి ఆ రెండో రకంవాడు కావాలి.

మొదట ఉచితంగా సైటు కట్టిచ్చే కంపెనీ ఒకటి చూశాం. డబ్బు అడగలేదు గానీ ఫోన్ నంబరు, పుట్టినరోజు, ఊరు, ఆడో మగో, ఇష్టాయిష్టాలు అన్నీ అడిగింది. (మా ఇంట్లో పెళ్లిచూపులకొచ్చినవాళ్లు కూడా అన్ని అడగలేదు.) సరదాకి తప్పుడు వివరాలు ఇచ్చి ఒక పేజీ పెట్టి చూస్తే, నేను పలావు గురించి రాసిన నాలుగు ముక్కల చుట్టూ ఫంక్షన్ హాళ్ల ప్రకటనలు వచ్చి కూర్చున్నాయి. “చూశావా? నీ పేజీకి వచ్చిన ప్రతివాళ్ల వెనకా మనిషిని పెడుతున్నారు” అని తాళంకప్ప ఆ పేజీని అక్కడికక్కడే చెరిపేయించింది.

పోనీ మన ఊళ్లోనే ఎవరినైనా అడుగుదామని ఒక సాయంత్రం గవర్నరుపేటలో ‘వెబ్‌సైట్లు చేయబడును’ అని బోర్డున్న మేడ మీది ఆఫీసుకి వెళ్లాం. ఓనరు పెద్దమనిషి. కుర్చీలు వేయించి, టీ తెప్పించాడు.

“చెప్పండమ్మా. సైటు ఎవరి పేరు మీద?”

“పేరు అక్కర్లేదండీ. పేరు లేకుండానే పెట్టాలి” అన్నాను.

“అలాగేనమ్మా, మన దగ్గర అన్నీ రహస్యమే. ఏ ఊరు మీది?”

ఊరు చెబితే ఏం పోతుందిలే అనుకున్నాను. “ఇక్కడే, భవానీపురమండీ.”

“అసలు ఊరు?”

“పామర్రు దగ్గరండీ.”

“పామర్రా!” ఆయన మొహం ఫంక్షన్ హాలు ముందు సీరియల్ లైట్లలా వెలిగింది. “పామర్రు దగ్గర ఎవరి తాలూకు? తెలుగు మాస్టారుగారి తాలూకా? అదే అనుకున్నా, ముక్కు అచ్చం ఆయనదే! మీ పెదనాన్నగారి రెండో అమ్మాయి పెళ్లికి నేనూ వచ్చానమ్మా. భోజనం ఎంత బాగుందో గుర్తుందా?”

ఆ పెళ్లి భోజనం గురించి నేను రాసింది నా చేతిసంచిలోనే ఉంది. అందులో ‘బాగుంది’ అన్న మాట మంచినీళ్ల గురించి మాత్రమే వాడాను. టీ సగంలో వదిలేసి, వందనాలండీ అని మెట్లు దిగిపోయాం.

కింద రోడ్డు మీద తాళంకప్ప నడుం మీద చేతులు పెట్టుకుని తీర్పు చెప్పింది. “అరే, ఈ కృష్ణా జిల్లాలో నువ్వు దాక్కోలేవే. మూడో ప్రశ్నకల్లా మీ తాతదాకా పోతారు. ఎవరి తాలూకు అని అడగని దేశంలో చూసుకోవాలి సర్వర్ని.”

అలా మొదలైంది మా విదేశీ వేట. మధ్యాహ్నం భోజనాల వేళ ఇద్దరం కంపెనీల షరతుల పత్రాలు చదివేవాళ్లం. మా లెక్కల పుస్తకాలు అంత శ్రద్ధగా చూసి ఉంటే మా మేనేజరు ఆనందంతో కంటతడి పెట్టేవాడు. ఒక కంపెనీ ‘మీ రహస్యమే మాకు ప్రాణం’ అని పైన రాసి, కింద చీమ అక్షరాల్లో ఆ ప్రాణాన్ని ఎవరెవరికి అమ్ముతుందో రాసుకుంది. ఇంకోడు పాస్‌పోర్టు కాపీ పంపమన్నాడు. సైటు పేరు కొంటే కొన్నవాళ్ల పేరూ చిరునామా లోకంలో ఎవరైనా చూసే వీలుంటుందని, దాచమని గట్టిగా చెప్పాలని అప్పుడే తెలిసింది. చివరికి స్విట్జర్లాండ్‌లో ఒక చిన్న కంపెనీ దొరికింది. మీకు నా వివరాలు ఏమేం కావాలి అని వచ్చీరాని ఇంగ్లీషులో రాస్తే, ‘మీ పేరు మాకు అవసరం లేదు. తెలియకపోతేనే మాకు సుఖం’ అని జవాబొచ్చింది. కోరుకున్నది అదే అయినా, చదవగానే నాకు కొంచెం కష్టమనిపించింది. ఇంత దూరం నుంచి ఉత్తరం రాస్తే మాటవరసకైనా ‘ఎవరమ్మా నువ్వు’ అని అడగకూడదా?

సరిగ్గా ఆ రోజుల్లోనే మా చల్లపల్లి అత్తయ్య శుక్లాల ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లో దిగింది. నాన్నకి అక్క. కళ్లకి నల్లద్దాలు. టీవీ చూడకూడదు, పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు, ఏడవకూడదు అని డాక్టరు చెప్పాడు. కళ్లకి విశ్రాంతి ఇచ్చినాయన చెవుల సంగతి మరిచిపోయాడు. బాల్కనీ కిటికీ పక్కన మంచం వేయించుకుని, అత్తయ్య రోజంతా వీధి మొత్తాన్నీ వింటూ పడుకునేది. ఆ బాల్కనీలోనే నేను సాయంత్రం పూట తాళంకప్పతో ఫోన్ మాట్లాడేదాన్ని. అవతలి మాటలు అత్తయ్యకి వినపడవు. నా మాటలు మాత్రం ఇలా వినపడ్డాయి:

“నాకు ఆ స్విట్జర్లాండ్ సర్వరే నచ్చాడే... ఆఁ, ఐస్‌లాండ్ వాడూ మంచోడే కానీ మనం భరించలేం... జర్మనీ వాడా? వద్దొద్దు, మొదట్లోనే పాస్‌పోర్టు అడుగుతున్నాడు, అంత అనుమానమైతే కష్టం... వీడైతే పేరు కూడా అడగడు. ఎవరొచ్చి ఎంత గుచ్చినా మన సంగతి చెప్పడంట... ఒక నెల వాడి దగ్గర ఉండి చూస్తా. నచ్చకపోతే సామానంతా తీసుకుని ఇంకొకడి దగ్గరికి పోవచ్చంట, వాడేం అనుకోడంట... మా నాన్నకా? అమ్మో, తెలిస్తే ఇంకేమన్నా ఉందా!”

కిటికీ లోపల ‘స్తోత్రం, ప్రభువా’ అని చిన్నగా వినపడింది. సాయంత్రం ప్రార్థన చేసుకుంటోంది కాబోలు అనుకున్నాను.

తర్వాతి రెండు మూడు రోజులు అత్తయ్య నాతో చాలా మెత్తగా మాట్లాడింది. కంచంలో అన్నం పెట్టుకుంటుంటే, “హోటలు ఉద్యోగమంటే తక్కువేం కాదులే అమ్మడూ. కష్టపడి బతుకుతారు పాపం” అంది. నేను అవునన్నాను. “కానీ పరదేశంలో మరీ చలంట” అంది. నా ధ్యాసంతా సైటు మీదే ఉండి, అవును అత్తయ్యా, చల్లగా ఉంటేనే సర్వర్లకి మంచిదంట, లేకపోతే వేడెక్కిపోతాయి అన్నాను. అత్తయ్య ముద్దని మళ్లీ కంచంలో పెట్టేసింది.

శనివారం నాడు నా కార్డుతో, కట్టినవాళ్ల పేరు అవతలికి చేరనివ్వని మధ్యవర్తి ద్వారా స్విట్జర్లాండ్ కంపెనీకి డబ్బు కట్టి, సైటు పెట్టేశాను. పేరు, ఊరు, ఫోను ఏదీ ఇవ్వలేదు. ప్రపంచంలో ఏ గూఢచారికీ దొరకను అనుకున్నాను. ఒక్కటే మరిచిపోయాను. నా బ్యాంకు ఖాతా తెరిపించింది నాన్న, దానికిచ్చిన ఫోన్ నంబరు కూడా నాన్నదే.

ఆదివారం ఆరాధన అయ్యాక, అత్తయ్య కళ్ల కోసం ప్రార్థన చేయడానికి పాస్టరు అయ్యగారు మా ఇంటికొచ్చారు. నాన్న చేతిలో ఫోను, మొహంలో గంటు. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. అత్తయ్య నల్లద్దాలు నా వైపే ఉన్నాయి.

“అమ్మాయ్, ఆ సర్వరు సంగతేంటి?” అన్నాడు నాన్న.

బ్యాంకు మెసేజ్ వచ్చిందన్నమాట! దాచి లాభం లేదనుకున్నాను. “స్విట్జర్లాండ్‌లో ఉంది నాన్నా. నిన్ననే కుదిరింది.”

“కుదిరిందంటే? నిర్ణయమైపోయిందా?”

“నెల చూద్దామని. నచ్చకపోతే మార్చేస్తాగా.”

“మార్చేస్తావా!” అమ్మ సోఫాలో కూలబడింది.

“అందరూ అంతేనమ్మా. ఒక్కడినే పట్టుకుని ఎవరుంటున్నారు ఈ రోజుల్లో?”

అత్తయ్య ఇక ఆగలేకపోయింది. “నీ పేరు కూడా తెలీదంటగా వాడికి!”

“అదే కదా అత్తయ్యా వాడి గొప్పతనం.”

“పేరు తెలీని పిల్లని ఎట్లా ఏలుకుంటాడే?”

“నేనొక్కదాన్నేనా? వాడి దగ్గర ఇంకా వేలమంది ఉన్నారు!”

అయ్యగారు ఇక మాటలతో పని జరగదని గ్రహించి, చటుక్కున లేచి నిలబడి కళ్లు మూసుకున్నారు. మేమంతా లేచాం. “పరలోకమందున్న మా తండ్రీ, ఈ బిడ్డని నీ చేతుల్లో పెడుతున్నాం. అలాగే స్విట్జర్లాండ్ పట్టణంలో హోటల్లో సర్వరుగా పనిచేస్తున్న ఆ సహోదరుని హృదయాన్ని కూడా తాకు ప్రభువా, అతనితో ఉన్న ఆ వేలమంది సహోదరీలని విడిపించు తండ్రీ...”

అప్పుడు అర్థమైంది నాకు. పెదవులు బిగబట్టాను, నాలిక కొరుక్కున్నాను, సిలువ మీద ప్రభువు బాధల్ని తలుచుకున్నాను. ఏదీ పనిచేయలేదు. ప్రార్థన మధ్యలో, పాస్టరుగారి ఎదురుగా, ఇంటి కప్పు అదిరేలా నవ్వాను. “చూశారా, అప్పుడే మతి పోయింది” అంది అత్తయ్య.

నవ్వు ఆపుకుని, అది మనిషి కాదు, కంప్యూటరు అని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. “అయితే ఆ కంప్యూటర్లో ఏం పెట్టావో చూపించు” అన్నాడు నాన్న. నేనిక ముందుకీ వెనక్కీ కదల్లేని చోట చిక్కాను. చూపిస్తే కొసరు ఎవరో తెలిసిపోతుంది, శుభలేఖలు ఆగిపోతాయి. చూపించకపోతే వేలమంది పెళ్లాలున్న సర్వరు నా మెడకి చుట్టుకుంటాడు. నిజం చెబుతున్నాను, ఒక క్షణం పాటు ఆ సర్వర్నే పెళ్లి చేసుకుంటానని ఒప్పేసుకుందామా అనిపించింది. అమ్మ మొహం చూసి ధైర్యం చాలక, ఫోన్లో సైటు తెరిచి నాన్న చేతికిచ్చాను.

నాన్న తెలుగు మాస్టారు. ఏది చదివినా పైకి, పాఠంలా చదువుతాడు. అన్నిటికన్నా పైన ఉన్నది కిందటి నెల చల్లపల్లిలో అత్తయ్య మరిది కొడుకు పెళ్లి భోజనం. “‘రొయ్యల ఇగురు చూసుకునేవాళ్లు లేక పాడవలేదు, ఎక్కువై పాడైంది. వంటశాల గుమ్మంలో కుర్చీ వేసుకుని ఒక పెద్దావిడ, వచ్చేపోయే గిన్నెలన్నిటికీ ఉప్పు వేయమని సలహా ఇచ్చారు. వంటాయన భయస్తుడు. ఇచ్చిన ప్రతి సలహాకీ వేశాడు. రెండో బంతి వాళ్లం మజ్జిగ తాగి బతికి బయటపడ్డాం. వడన...’ వడ్డన, అమ్మాయ్, డ కింద ఒత్తు ఉండాలి.”

నాన్న చదవడం ఆపాడు. నల్లద్దాల వెనక ఏముందో తెలియడం లేదు.

“ఆ పెద్దావిడ ఎవరే?” అంది అత్తయ్య.

నేను గోడకున్న క్యాలెండరు చూస్తున్నాను.

“కుర్చీ నీలం రంగుదా?”

“... అవునత్తయ్యా.”

అత్తయ్య భుజాలు కదలడం మొదలుపెట్టాయి. “వదినగారూ, ఏడవకండి, కళ్లు పోతాయి!” అని అమ్మ పరుగెత్తింది. చూస్తే అత్తయ్య నవ్వుతోంది. అద్దాలు పైకెత్తి, దూదితో ఒత్తుకుంటూ నవ్వుతోంది. “కళ్లల్లో నీళ్లు రాకూడదన్నాడే డాక్టరు! చంపుతున్నావు కదే! ఉప్పు ఎక్కువైందని నాకప్పుడే తెలుసు. మా తోడికోడలి మీద తోసేశా. ఏదీ తమ్ముడూ, ఇంకోటి చదువు.”

నాన్న ఇంకోటి చదివాడు. తర్వాత మరోటి. లవంగం దగ్గర అమ్మ కూడా నవ్వింది. అన్నీ అయ్యాక అయ్యగారు గొంతు సవరించుకుని, “మన క్రిస్మస్ ప్రేమవిందు గురించి ఏమైనా రాశావా అమ్మా?” అని మెల్లగా అడిగారు. లేదండీ అయ్యగారూ అన్నాను భయంగా. “రాయమ్మా, తప్పకుండా రాయి. కమిటీ వాళ్లు నేను చెబితే వినట్లా” అన్నారు.

అత్తయ్య నా చేతిలో చెయ్యేసింది. “ఇది నీకూ నాకూ మధ్య మాట. నా నోట్లోంచి పొక్కదు.” పొక్కలేదు కూడా. ప్రతివాళ్లకీ ఫోను చేసి, ఎవరికీ చెప్పొద్దని గట్టిగా హెచ్చరించి మరీ చెప్పింది.

శుభలేఖలు ఆగిపోతాయనుకున్నానా, జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. తర్వాత పామర్రులో పెళ్లికి వెళ్తే, హాలు గుమ్మంలోనే కేటరింగ్ ఆయన ఎదురొచ్చి, “మీరేనా అమ్మా కొసరుగారు?” అన్నాడు. నా ఆకులో పలావు కనపడకుండా ముక్కలు. రొయ్యలు ఏరి ఏరి పెద్దవి. లడ్డూ ఒకటి తింటే చాటుగా ఇంకోటి వచ్చి పడేది. పక్కాయన ఆకులో లవంగాలు, నా ఆకులో మాంసం. పెళ్లికూతురి తండ్రి అక్షింతలు కూడా వదిలేసి వచ్చి నా వెనక నిలబడి, “ఎట్లా ఉందమ్మా?” అని ముద్దకోసారి అడిగాడు. ఏం రాస్తాను? అందరూ ఏం తిన్నారో నాకు తెలియదు, నేను తిన్నది వాళ్లకి దొరకదు. అలాంటి నాలుగైదు పెళ్లిళ్లయ్యాక సైటు ఆపేశాను. చివరి పేజీలో ‘భోజనాలు బాగున్నాయి’ అని ఒక్క ముక్క రాశాను. నేను రాసినవాటిలో బొత్తిగా రుచిలేనిది అదే.

మొత్తం ఎంతమంది చదివారో నాకు తెలియదు. వచ్చినవాళ్లని లెక్కపెట్టడం కూడా వాళ్ల వెనక మనిషిని పెట్టడమేనని తాళంకప్ప ఒప్పుకోలేదు. జరిగిందంతా విని తను, “సర్వర్‌లో ఏ లోపం లేదే. చిల్లంతా మీ ఇంట్లో ఉంది” అంది. స్విట్జర్లాండ్ వాడు మాత్రం మాట నిలబెట్టుకున్నాడు. ఈ రోజుకీ వాడికి నేనెవరో తెలియదు.

మొన్న బీసెంట్ రోడ్డులో చీర కొనుక్కుని బిల్లు కట్టే దగ్గర నిలబడ్డాను. “నంబర్ చెప్పండి మేడమ్” అంది కౌంటర్లో అమ్మాయి. చెప్పేశాను. “పుట్టినరోజు?” అదీ చెప్పేశాను. “పెళ్లిరోజు మేడమ్?” అంది. ఇక్కడ మాత్రం కాస్త ఆగాను. పేరు అడగనివాడి కోసం దేశదేశాలు గాలించిన పిల్ల ఒకతె ఎక్కడో గుర్తొచ్చి, ఇది నీకెందుకమ్మా అని అడగబోయాను. ఆ తర్వాత మా ఆయన గుర్తొచ్చాడు. ఏ సంవత్సరమూ ఆయనకి ఆ తారీఖు జ్ఞాపకం ఉండదు. పోనీ, శుభాకాంక్షలు కనీసం చీరల కొట్టువాళ్లయినా పంపిస్తారు కదా అని, నెలా తారీఖూ నిదానంగా, స్పష్టంగా, రెండుసార్లు చెప్పి వచ్చాను.